టెంప్‌లో ఉన్న రిపోర్టులు

2022 ఆగస్టులో రాయదుర్గంలోని ఒక కంపెనీ నన్ను సర్వర్లు చూసుకునే జట్టులో జూనియర్‌గా వేసింది. మా క్లయింటు ఒక రక్తపరీక్షల ల్యాబ్. ఇప్పుడా ఉద్యోగంలో లేను. కానీ ఆనాటి నా డైరీలో ఒక మంగళవారానికి మూడు పేజీలున్నాయి.

మా లీడ్ నర్సింగన్నది గోపన్‌పల్లి. సర్వర్‌కు ఏం జబ్బు చేసినా ఆయన మందు ఒకటే, రీస్టార్ట్. మెమరీ చాలనప్పుడు సర్వర్ కొంత భారాన్ని డిస్క్ మీదికి దించుకుంటుంది. దాన్ని స్వాప్ అంటాం. డిస్క్ నెమ్మది కనుక పనంతా ఈడుస్తుంది. రెండు వారాలకోసారి మాకిదే జరిగేది. ల్యాబ్‌కు సెలవు కనుక ఆదివారం రీస్టార్ట్ చేసేవాళ్ళు, సర్దుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఆ మంగళవారం పొద్దున పదింటికే స్వాప్ నిండిపోయింది. ల్యాబ్ కౌంటర్ ముందు జనం. పదకొండుకు రీస్టార్ట్ చేస్తానని, మా జట్టంతా ఉన్న కాల్‌లో నర్సింగన్న క్లయింటుకు మాటిచ్చేశాడు.

నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకుంటున్న మెమరీని నేను కాగితం మీద కలిపి చూశాను. పదకొండు జీబీ తేలింది. సర్వర్ మాత్రం తనకున్న ముప్పై రెండు జీబీలూ నిండాయంటోంది. మిగతాది ఎక్కడుంది?

ఏ ఫైలు ఎక్కడ పెట్టాలో తోచకపోతే మా జట్టులో "టెంప్‌ల వెయ్" అనేవాళ్ళు. టెంప్ అంటే తాత్కాలిక ఫోల్డర్. తెరిచి చూస్తే అది డిస్క్ మీద లేదు. వేగం కోసం ఎవరో ఎప్పుడో దాన్ని మెమరీలోనే పెట్టారు. రెండు వారాల రిపోర్టుల నకళ్ళు అందులో పేరుకుపోయాయి. రీస్టార్ట్ చేస్తే అవన్నీ చెరిగిపోయేవి, మందు పనిచేసింది అందుకే. కానీ ఇప్పుడు వాటితోపాటు ఆ పొద్దుటి రిపోర్టులూ ఉన్నాయి. డాక్టరు సంతకం అయ్యాకే రిపోర్టు డిస్క్ మీదికి చేరేది; ఇవి ఇంకా సంతకం కానివి, ఇంకెక్కడా నకలు లేనివి. అవి పోతే వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ రక్తం తియ్యాలి.

చేరిన నాలుగు నెలల్లో కాల్‌లో నేను నోరు విప్పింది లేదు. చాట్‌లో రెండుసార్లు రాసి చెరిపేశాను. పదకొండుకు నాలుగు నిమిషాలుందనగా మైక్ నొక్కాను.

"నర్సింగన్నా, రీస్టార్ట్ చెయ్యకండి. పొద్దుటి రిపోర్టులు పోతాయండి."

"నీకు మైక్ ఉందా తల్లీ? ఖరాబైందనుకున్న ఇన్ని దినాలు." ఎవరో నవ్వారు. "ఎట్ల పోతయ్? జర సమజయ్యేటట్టు చెప్పు."

"టెంప్ డిస్క్ మీద లేదండి. మెమరీలో ఉంది."

ఆయన కీబోర్డ్ టకటకలు వినిపించాయి. తానే చూసుకున్నట్టున్నాడు.

"ఇగ నువ్వే చెయ్. నేను కీబోర్డ్ ముట్ట."

సంతకం కాని రిపోర్టులను ముందు డిస్క్ మీదికి నకలు చేశాను. ఒక్కటీ తగ్గలేదని సరిచూసుకున్నాకే టెంప్‌లోని పాతవి తీసేశాను. తీస్తున్న కొద్దీ స్వాప్ కళ్ళముందే ఖాళీ అయింది. పన్నెండు లోపు కౌంటర్ ముందు జనం పలచబడ్డారని ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు. ఎవరూ రెండోసారి చెయ్యి చాపాల్సిన పని పడలేదు. కారణం కనిపెట్టింది ఎవరో నర్సింగన్న కాల్‌లో నా పేరు పెట్టి చెప్పాడు.

రీస్టార్ట్‌తో సమస్య తీరిందంటే, ఆ రీస్టార్ట్ ఏం చెరిపేసిందో చూడాలి. అది కాల్ ముగిసేలోపు నలుగురికీ వినిపించేలా చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే.