చాలు అన్న మాట

మా అమ్మ నోట్లో ఎప్పుడూ ఆడే మాట చాలు. టీ పోస్తుంటే చాలు, అన్నం పెడుతుంటే చాలు, బతుకు ఎలా ఉందని అడిగినా అదే. వర్లిలో ఎన్నో మేడలకు ఇసుక తట్టలు మోసిన మనిషి, కామాటిపురా చాల్‌లో, వరస గదుల పాత మేడలో, మంచమూ పొయ్యీ పక్కపక్కనే ఉండే ఒక్క గదిలో ముసలిదైంది. ఇంకేమీ కోరుకోదేమిటని నాకు ఒళ్లు మండేది.

దేవుడి దగ్గరా అంతే. పొయ్యి పైన అరలో ఉన్న ఎల్లమ్మకు దీపం పెట్టి, "సల్లగ సూడు తల్లీ, గింత చాలు" అనేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఎల్లమ్మ పెడుతుందా అని ఎగతాళి చేసేదాన్ని. నాకు నమ్మకం తక్కువ, నోరు ఎక్కువ.

ఆమె స్వేచ్ఛంతా సాయంత్రం గది ముందు గ్యాలరీలో స్టూలు మీద కూర్చునే ఆ కాసేపే. నాగ్‌పాడా బేకరీ ఖారీ బిస్కెట్, సాసర్‌లో టీ. అప్పుడు ఎవరు పిలిచినా లేచేది కాదు. నేను పని చెప్పబోతే మొహం అటు తిప్పుకునేది.

ఆ మాటతో ఇంట్లో పెద్ద తమాషా నడిచేది. నా కూతురు మరాఠీ బడిలో చదివింది. మరాఠీలో చాలూ అంటే నడుస్తోంది అని. ఫ్యాన్ చాలు అని అమ్మ అంటే ఇది ఇంకా పెంచేది. టీ చాలు అంటే పోస్తూనే ఉండేది. చివరికి అమ్మ సాసర్ మీద చేయి అడ్డం పెట్టడం నేర్చుకుంది. పెద్దయ్యి అర్థం తెలిశాక కూడా, ఏడిపించడానికి నా కూతురు అలాగే పోసేది.

ఈ వానాకాలం అమ్మ గుండె బాగా నీరసించింది. గ్రాంట్ రోడ్ దగ్గర ఆసుపత్రిలో చేర్చాం. నయమయ్యేది కాదని, ఇక్కడ ఉంచితే కొన్నాళ్లు లాగొచ్చని, ఇంటికి తీసుకెళ్లినా సరేనని డాక్టర్ చెప్పాడు. ఉంచమన్నాను. అమ్మ లేని గదిలోకి వెళ్లి లైటు వేసుకునే ధైర్యం నాకు లేదు.

ఒక మధ్యాహ్నం సెలైన్ సీసా మారుస్తున్న నర్సు చెయ్యి పట్టుకుని అమ్మ, "చాలు" అంది.

"హో ఆజీ, చాలూ ఆహే," అంది నర్సు ప్రేమగా. ఎక్కుతోందిలే అవ్వా అని.

అమ్మ మళ్లీ చాలు అంది. నర్సు మళ్లీ నవ్వి తల ఊపింది. అప్పుడు అమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

పక్కనే ఉన్న నా కూతురు నా భుజం పట్టుకుని, ఆజీ ఏమంటోందో నర్సుకు తెలియదు, మనకు తెలుసు కదా, ఎందుకు చెప్పవు అని మరాఠీలో అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆపమంటోందని నర్సుకు చెప్పాను.

మర్నాడు ఇంటికి తెచ్చాం. సాయంత్రం అమ్మను గ్యాలరీలో గోడకు ఆనించి కూర్చోబెట్టి, స్టూలు ముందుకు జరిపాం. నా కూతురు టీ తెచ్చి సాసర్‌లో పోస్తూ, ఈసారి ఏడిపించడానికి కాదు, ఆ మాట కోసం అమ్మ పెదాల వైపే చూస్తోంది. చెయ్యి అడ్డం రాలేదు. సాసర్ నిండి, పొర్లి, టీ స్టూలు మీద నుంచి నేలకు కారింది. అమ్మ కళ్లు కింద రోడ్డు మీదే నిలిచిపోయాయి.

"చాలు బిడ్డా," అన్నాను నేను.