పైగది కిటికీకి పట్టిన చెమట

ఇన్నాళ్లూ నా మాట ఎవరూ వినలేదు కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఈ ఉదయం లేచి, ఇంటి కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చిన నా పైగది కిటికీ చట్రాన్ని అరచేత్తో తడిమాను. పొడిగా ఉంది. చూపిద్దామంటే గదిలో ఎవరూ లేరు.

పజుండౌంగ్ పేటలో, ఈ దేశానికి వలసొచ్చిన మా నాన్న కొన్న ఈ పాత చెక్క ఇంట్లో కింద తమ్ముడి సంసారం, పైన రేకుల కింద నేనొక్కణ్ణి. వానాకాలంలో ఒక్క చుక్క పడదు. ఆకాశం శుభ్రంగా ఉండే చలికాలంలో మాత్రం తెల్లారేసరికి అద్దాలు మసకబారి, చట్రం మీంచి నీళ్లు జారి, నా పరుపు మూల తడిసిపోయేది. తమ్ముడు రోజూ పొద్దున్నే రెండు టీకప్పులతో మెట్లెక్కి వచ్చి, "ఏటన్నియ్యా, కిటికీ ఎయ్యడం మళ్లీ మరిసిపోనావేటి?" అనేవాడు. "ఏసినానురా, గెడ కూడా పెట్టినాను" అంటే, "అయితే మంచే గెడ తీసుకుని లోనికొచ్చిందేటి?" అని నవ్వేవాడు. ఒకసారి తన భార్యతో, "అన్నియ్యకి మతిమరుపు ముదిరింది, కిందకి దింపీయాల" అన్నాడు. అప్పుడు వాడి చేతిలో అల్లం ముక్క ఉంది. మతిమరుపు మనిషిని కదా, అంతమాత్రం గుర్తుంది.

తడి కనిపించినప్పుడల్లా వాడు కప్పుకు తారు పూసేవాడు. మూడేళ్లలో మూడు పూతలు. పూసినకొద్దీ తడి పెరిగింది. చివరికి నేనే ఊరి చివరి ఇన్సేన్ దాకా వెళ్లి, రైల్వే షెడ్డులో చేసి రిటైరైన మన తెలుగు వడ్రంగిని పిలుచుకొచ్చాను. ఆయన కిటికీ పక్క చెక్కకు ఒక ప్లాస్టిక్ ముక్క నాలుగు అంచులా అంటించి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్న వచ్చి, అందరి ముందూ దాన్ని ఊడదీశాడు. గది వైపు నీళ్లు, చెక్క వైపు పొడి.

"ఇది కారడం కాదు బాబూ, సెమట" అన్నాడు తమ్ముడితో. "పెద్దాయన ఊపిరి, కెటిల్ ఆవిరి, ఆరేసిన లుంగీ తడి, అన్నీ పైకెళ్లి సల్లటి రేకుకి తగిలి నీళ్లయిపోతన్నాయి. గాలి పోడానికి పాతోళ్లు ఇడిసిన సందులు తారుతో మూసీసిందెవరు?"

తమ్ముడు టీకప్పులోకి చూశాడు. నేను అక్కడితో ఊరుకోలేదు. "ఇప్పుడు సెప్పరా, మతి లేనిది ఎవుడికి?" అన్నాను, వాడి భార్య ముందే.

వడ్రంగి తారు గీకి, సందులు తెరిచి, పురుగు రాకుండా జాలీ కొట్టాడు. కిటికీ చుట్టూ రేకుల కింద థర్మాకోల్ పరిచి చెక్క బిగించాడు. ఆ రోజు నుంచి తడి లేదు. తమ్ముడూ రాలేదు. మరదలు మెట్ల మీద ఒక్క కప్పు పెట్టి, "బావగారూ, టీ" అని కేకేసి దిగిపోతుంది. కింద వాడి దగ్గు వినిపిస్తుంది. నేను గెలిచాను. ఆ మాట చెప్పుకోవాలన్నా వాడే కావాలి.

ఒరేయ్ తమ్ముడూ, తప్పు ఒప్పుకోమనడం లేదు. నేనూ ఒప్పుకోను. కానీ ఈ వయసులో అలిగి పోగొట్టిన పొద్దులు మళ్లీ ఎవరూ ఇవ్వరు. రేపు పైకి వస్తావా, రావా? కిందనుంచే అయినా సరే, నాకు వినపడేలా జవాబు చెప్పు.