వాల్వు పక్క మేకుకు వేలాడిన ప్లగ్ పానా

మొన్న ప్లంబరు వచ్చి మా బ్లాకు నీళ్ళ వాల్వు మార్చి వెళ్ళాడు. కొత్తదానికి ఎర్రటి పిడి ఉంది, రెండు వేళ్ళతో తిప్పితే చాలు. సామాను సర్దుకుంటూ అతను మోటారు గది గోడమేకుకు వేలాడుతున్న ఇనప గొట్టమొకటి నా చేతిలో పెట్టి, "ఇది పారేయమంటారా సార్?" అన్నాడు. జానెడు లోపు పొడవు, చివర ఆరు పలకల నోరు, పై చివర కడ్డీ దూర్చే బెజ్జం, దానికి ఎర్ర చీరపేలికతో వేసిన ముడి. మోటారు సైకిల్ స్పార్క్ ప్లగ్ విప్పే పానా అది. పారేయొద్దని చెప్పి పైకి తెచ్చుకున్నాను. ఆ ముడి వేసిన మనిషి, మా వాచ్‌మన్ భార్య, ఇప్పుడు ఈ కొత్తగూడ సందులో లేదు. భర్తకు నిజాంపేటలో ఓ హాస్టల్లో కాపలా పని దొరికితే ఈ మధ్యే ఇద్దరూ అటు వెళ్ళిపోయారు.

రెండు ఎండాకాలాల కిందటి సంగతి. నాకు మోకాలి ఆపరేషన్ అయి, నా మోటారు సైకిల్ నాలుగు నెలలు పార్కింగులో కదలకుండా ఉండిపోయింది. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ నన్ను మోసిన బండి అది. ఈ చుట్టుపక్కల కంపెనీలకు పునాదిరాళ్ళు వేసిన సభలకు నేను దానిమీదే వెళ్ళాను. ఆ రాళ్ళ మీద లేచిన అద్దాల మేడల్లో పనిచేసే పిల్లలు ఇప్పుడు దాన్ని చూసి, ఇంకా పెట్రోలు దొరుకుతోందా అంకుల్ దీనికి అని అడుగుతారు. కరెంటు బళ్ళకు ఛార్జింగ్ పాయింట్లు పెట్టాలనీ, చోటు కావాలనీ, నడవని బళ్ళన్నీ తీసేస్తామనీ అపార్ట్‌మెంటు సంఘం నోటీసు అంటించింది. సెక్రటరీ కడప వైపు మనిషి, ఐటీ ఉద్యోగి, మాట మర్యాదగానే ఉంటుంది. "ఇది బండి కాదు సార్, సామాను. సామాను ఇంట్లో పెట్టుకోవల్ల. ఆదివారం పదకొండుకు పాత ఇనుము వ్యాను వస్తాది. అంతలోపు స్టార్టయితే ఉంచుకోండి, నాకేం పగ లేదు" అన్నాడు.

బండి జబ్బు నాకు తెలుసు. ఎక్కువకాలం నిలబెడితే ప్లగ్‌కు మసి పట్టేస్తుంది. విప్పి తుడిస్తే లేస్తుంది. తీరా చూస్తే సీటు కింద ఉండాల్సిన పనిముట్ల సంచి లేదు. ఇంట్లో ఉన్న స్లైడ్ రెంచ్ ఇంజను రెక్కల సందులోకి దూరలేదు. కటింగ్ ప్లేయరుతో పట్టబోతే ప్లగ్ తెల్ల పింగాణీ మీద గీత పడి, భయమేసి ఆపేశాను. మా వీధి చివరి మెకానిక్ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు. హార్డ్‌వేర్ షాపులో చూపించిన పానా నా ప్లగ్ చుట్టూ గంటలా మోగింది, అంత వదులు. పది నిమిషాల్లో పాలు, పెరుగు తెచ్చే ఫోను యాప్, ప్లగ్ పానా మంగళవారం తెస్తానంది. నిజాంపేట దాకా ఆటోలో వెళ్తే అక్కడి మెకానిక్, "బండి తెండి సార్, చిటికెల తీస్త. పానా మాత్రం చెయ్యి దాటియ్య" అన్నాడు. బండి వెళ్ళగలిగితే అతనితో పనేముంది? నా భార్య అంతా చూసి, "మీరు ఈ శ్రద్ధలో సగం చూపించి ఉంటే నా కళ్ళజోడు ఎప్పుడో దొరికేదండీ" అంది.

శనివారం సాయంత్రం కిందికి దిగి వాచ్‌మన్‌ని కాస్త కటువుగానే అడిగాను, సీటు కింద సంచి ఎవరు తీశారని. అతను తెల్లమొహం వేశాడు. బట్టలు ఆరేస్తున్న అతని భార్య వెనక్కి తిరక్కుండానే, "మీరే ఇచ్చిన్రు గద సారూ" అంది. కొన్నేళ్ళ కిందట వాల్వు చక్రం ఊడిపోయిన రోజు, వెల్డింగ్ అతను దాని బదులు ఓ నట్టు అంటించి పోయాడట. అది తిప్పడానికి ఏమీ లేక ఆమె పరేషాన్‌గా నిలబడితే, డ్యూటీకి పోతున్న నేను సంచి తీసి చేతిలో పెట్టి, ఏది పడితే అది వాడుకోమని వెళ్ళిపోయానట. రుజువు చూడనిదే వార్త రాయనని గొప్పలు పోయిన నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆమె మోటారు గదిలోకి తీసుకెళ్ళి చూపించింది. నేను ఊరంతా వెతికిన పానా ఆ నట్టు మీద కూర్చుని ఉంది. ఇన్నేళ్ళుగా మా బ్లాకు స్నానాలూ వంటలూ దానిమీదే నడిచాయి. సంచిలోని మిగతావన్నీ కట్ట విప్పకుండా గూట్లో ఉన్నాయి. అప్పటికే చీకటి పడింది, ప్లగ్ విప్పడానికి మర్నాడు పదిన్నరకు దిగితే చాలనుకున్నాను.

ఆదివారం మరో చిక్కు వచ్చింది. బోరు ఎండి, ట్యాంకరు నీళ్ళు పదిన్నరకు వచ్చాయి. వాటిని పైకెక్కించే మోటారు ఆపితే గాలి పట్టి మళ్ళీ అరగంట సతాయిస్తుంది కనుక, మా ట్యాంకు నిండగానే ఆపకుండానే వాల్వు మూసి నీళ్ళు వెనక బ్లాకుకు మళ్ళించాలి. ఆమె పానా నా చేతికిచ్చి, "నిండెదాక మీది. నిండినంక నాది. పిలుస్త, జెల్ది ఇయ్యాలె" అంది. పానా ప్లగ్ మీద ఇట్టే కూర్చుంది. విప్పి, మసి గీకి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ పెట్టి చేత్తో తిప్పుతున్నాను. అప్పుడే మోటారు గదిలోంచి కేక, "సారూ, నిండింది." ఇటు చూస్తే సెక్రటరీ, వ్యాను మనిషి వస్తున్నారు. నీళ్ళు ముఖ్యం కదా అని లేవబోయాను. ఆమే నడుచుకుంటూ వచ్చి, సగం బిగిసిన ప్లగ్‌ని చూసి, పైనుంచి కారడం మొదలైన నీళ్ళను చూసి, "గింత దాక వచ్చి ఇడుస్తరా? కూసోండ్రి, బిగించుండ్రి. నీళ్ళ మాట నేను పడ్త" అంది.

నాలుగు నిమిషాలు పట్టింది. నా మోకాలితో కిక్ కొట్టే వీల్లేదు. వాచ్‌మన్ మూడో తన్నుకు బండి దగ్గి, పొగ కక్కి, నిలబడి మోగింది. ఆమె పానా లాక్కుని పరుగెత్తింది. అప్పటికి ట్యాంకరు నీళ్ళు సెక్రటరీ కారును శుభ్రంగా కడిగి వీధిలోకి పోతున్నాయి. "ఏమ్మా, దుడ్లు పోసి కొన్న నీళ్ళు ఇట్ల వీధిపాలు చేస్తాండావే" అన్నాడు సెక్రటరీ. "నా తప్పే సారూ, జర ఆలిస్యమైంది" అంది ఆమె, నావైపు చూడకుండా. తప్పు ఆమెది కాదు, పానా నా చేతిలో ఉందని చెప్పాను. ఆయన ఆమెనూ, నన్నూ, మోగుతున్న బండినీ చూసి, వ్యాను మనిషిని పొమ్మన్నాడు. ఆమె మాత్రం, "మా ఆయన దగ్గుకంటె బండి సప్పుడే నయముంది" అని నవ్వింది.

ఆ సాయంత్రమే పానాకు పేలిక కట్టింది. "మీరు మల్ల మరుస్తరు. ఎర్రగుంటె కానొస్తది" అంది. తర్వాత ప్లగ్ పని పడినప్పుడల్లా ఆమెనే అడిగి తెచ్చుకుని, పని కాగానే ఇచ్చేసేవాణ్ణి.

ఇవాళ ముడి విప్పకుండానే పానాని సీటు కింద పెట్టాను. ఈ ఆదివారం నిజాంపేట దాకా వెళ్ళి, వాల్వు మారిందని ఆమెకు చెప్పి రావాలి. గడియారం చూసుకుంటూ పత్రికను అచ్చుకు పంపిన నాకు ఆలస్యమంటే తప్పనే తెలుసు. కానీ ఆ ఆదివారం ఆమె తన మీద వేసుకున్న నాలుగు నిమిషాల ఆలస్యం మీదే నా బండి ఈనాటికీ నడుస్తోంది.