స్టెప్నీ సీటు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కావు, ఓ పన్నెండేళ్ల కిందట, ఎర్రగుంట్లలో ఇంటర్ పాసైన పిల్ల ఒకతె ఇంట్లో ఉందంటే వచ్చేపోయే వాళ్లందరూ అడిగేది ఒకటే: "యాడ చేరతాండావు?" బాగుండావా అని అడగడం కూడా మానేసి ఇదే అడిగేవాళ్లు. ర్యాంకు చెబితే సరిపోదు, ఊరి పేరు చెప్పాలి. ఆ ఊరు ఎంత దూరముంటే మనిషికి అంత గౌరవం. ఈ లెక్కన మా జిల్లాలోనే, బస్సెక్కితే గంటలో దిగిపోయే ప్రభుత్వ యూనివర్సిటీకి దక్కే గౌరవం ఎంతో మీరే ఊహించుకోండి. అక్కడ చదువు బాగుంటుందా లేదా అన్న అనుమానం కూడా ఎవరికీ వచ్చేది కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

నాకు విశాఖపట్నం కావాలి. ఎందుకంటే అక్కడ సముద్రం ఉంది. (కంప్యూటర్ సైన్సు కూడా ఉందనుకోండి, అది రెండో కారణం.) ఎండ, సిమెంటు దుమ్ము, రెండు రోజులకోసారి వచ్చే కొళాయి తప్ప వేరే ఏమీ ఎరగని పదిహేడేళ్ల పిల్లకు, కంటికి ఆనినంత మేరా నీళ్లేనని ఎవరైనా చెబితే మనసు ఆగుతుందా? మా కాలేజీ లెక్కల సారు నా ర్యాంకు చూసి, "బయటి ప్రాంతాల వాళ్లకని ఉండే కొద్ది సీట్లలో నీకొకటి రావచ్చు పాపా. ఎందుకైనా మంచిది, ఆఖర్న మన జిల్లా యూనివర్సిటీ పెట్టుకో, సేఫ్టీగా ఉంటాది" అన్నారు. ఆ 'రావచ్చు' నేను ఇంటికి చేరేలోపు 'వచ్చేసింది' అయిపోయింది. ఆఖరి మాట నాకసలు పట్టలేదు.

ఆ మరుసటి రోజు నుంచే నేను విశాఖపట్నం మనిషినైపోయాను. టీవీలో వినిపించే మాట నేర్చుకున్నాను. 'యాడ' పోయి 'ఎక్కడ' వచ్చింది, 'శానా' పోయి 'చాలా' వచ్చింది, ప్రతి మాట చివరా ఒక 'అండీ' తగిలించాను. "అమ్మా, మంచినీళ్లు ఎక్కడున్నాయండీ?" అని అడిగితే మా అమ్మ కడుగుతున్న గిన్నె కింద పెట్టి, "ఏం మ్మే, జరమొచ్చిందా?" అని నుదురు పట్టి చూసింది. మా జేజి (నాయన వాళ్లమ్మ) ఇంకో అడుగు ముందుకేసి, "దీనికేదో పట్టుకునుండాది, అయ్యగారిని పిలిపించి ప్రార్థన చేపియ్యండి" అంది. అయ్యగారంటే మా చర్చి పాస్టరు. ఆయన్ను పిలిపించే పని లేకుండా ఆదివారం ఆరాధనలో నేనే లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను సముద్రతీరానికి పంపబోతున్నాడని, మీరందరూ ప్రార్థన చేయాలని అండీలతో సహా చెప్పాను. జనం ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ నాకిప్పటికీ గుర్తుంది, తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఇక కథలోకి మా నాయన రావాలి. నాయన సిమెంటు లారీ డ్రైవరు. ఫ్యాక్టరీ నుంచి బెంగళూరుకు లోడు, అక్కడి నుంచి ఏది దొరికితే అది తెచ్చుకోవడం, ఇరవై ఏళ్లుగా అదే దారి. బండి తీసే ముందు దేవునికి ఒక మాట చెప్పుకుని, వెంటనే వెనక్కి పోయి స్టెప్నీ చూస్తాడు. అంటే అదనంగా పెట్టుకునే టైరు. దాన్ని చేత్తో తట్టి, కాలితో తన్ని, గాలి ఉందని తేల్చుకున్నాకే మిగతా టైర్ల వైపు చూస్తాడు. "ముందర స్టెప్నీ, తర్వాతే తక్కినయి" అనేది ఆయనకు బైబిలు వాక్యమంత నిజం. సేఫ్టీ కాలేజీ అంటే ఏమిటో నేను వివరించబోతే, "తెల్సులే, స్టెప్నీ" అన్నాడు. ఎంత బాగా అర్థం చేసుకున్నాడో అని మురిసిపోయాను.

ఆప్షన్లు పెట్టడానికి బస్టాండు పక్కన నెట్ సెంటర్‌కు పోయాం. దాని యజమానిని ఊరంతా ప్రింటౌటన్న అనేవాళ్లు. కంప్యూటర్లో కాలేజీల పట్టిక వస్తుంది, మనకిష్టమైన వరుసలో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇచ్చుకుంటూ పోవాలి. పైనుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకు ఏది ముందు దొరికితే అది ఇచ్చేస్తారు. నేను విశాఖను ఒకటిలో పెట్టి, ఊళ్లన్నీ తిరిగి, నలభై ఒకటో నంబరులో, ముక్కు మూసుకుని మందు మింగినట్టుగా, మా జిల్లా యూనివర్సిటీని పెట్టాను. ఫోను నాయనది కాబట్టి ఓటీపీ ఆయనకే వచ్చేది. పాస్‌వర్డు కాగితం కూడా ఆయన చొక్కా జేబులో, లైసెన్సు పక్కన భద్రంగా ఉండేది.

ఆప్షన్లు మార్చుకోవడానికి ఒక రోజు గడువిచ్చారు. ఆ రోజు నేను ఇంట్లో పెట్టె సర్దుకుంటున్నాను. నాయన లోడు దించి వస్తూ నెట్ సెంటర్ దగ్గర బండి ఆపి, నా ప్రింటౌటు మళ్లీ చూసుకున్నాడట. చూస్తే ఏముంది? స్టెప్నీ నలభై సరుకుల అడుగున ఉంది! దారిలో టైరు పగిలితే నలభై మూటలు దించి స్టెప్నీ తీసేదెవరు? ఇంటికొచ్చి గడపలో నిలబడి, "పాపా, నువ్వు సిన్నపిల్లవు, నీకు తెల్దు. స్టెప్నీ అట్ల అడుగున పెడతారా ఎవరన్నా? చేతికందేటట్ల పైన పెట్టిచ్చినా" అన్నాడు గర్వంగా. నేను అద్దం ముందు 'ధన్యవాదాలండీ' అని అభ్యాసం చేస్తూ, ఏ స్టెప్నీ గురించో, ఏ లారీ గురించో అనుకుని, "మంచిదండీ" అన్నాను.

సీట్లు వచ్చే రోజు సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, చర్చి వాళ్లు పదిహేను మంది, ఒక తపేలా సేమ్యా పాయసం. పాట మధ్యలో నాయన ఫోను మోగింది. అయ్యగారు కళ్లద్దాలు సవరించుకుని మెసేజీ పైకి చదివారు. మా జిల్లా పేరు వచ్చింది. "దేవునికి స్తోత్రం, దగ్గర్లోనే ఇచ్చినాడు" అని ఆయన అంటుండగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఏం జేసినావు నాయనా! యాడికి మార్చినావు! నా సీటు పాయె గదా!" అని అరిచాను. మూడు వారాలుగా ఇంట్లో వినపడని నా మాట తిరిగొచ్చినందుకు జేజి ఒక్కతే సంతోషించింది. "అమ్మయ్య, వొదిలి పాయె" అంది.

(ఆ ఏడు విశాఖలో బయటివాళ్ల కోటాలో ఆఖరి సీటు నాకంటే వెనకున్న ర్యాంకుకు వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ మాట నాయనకు చెప్పకూడదనుకున్నాను. ప్రింటౌటన్న చెప్పేశాడు.)

రెండో విడతలో ఇంకోసారి ప్రయత్నించవచ్చు, కానీ అందాకా ఈ సీటు పోకుండా చేరి ఉండాలన్నారు. మొదటి రోజు బస్సు రాకపోతే నాయన లారీలోనే తీసుకుపోయాడు. యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ చేయి అడ్డం పెట్టి, "సిమెంటు ఈడ కాదప్పా, కట్టేది ఆ పక్క" అన్నాడు. "సిమెంటు కాదన్నా, నా కూతురు" అన్నాడు నాయన. నేను క్యాబిన్ లోంచి తెల్లటి దుమ్ముతో దిగాను. వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూసి, "పో తల్లీ, ఆ కొళాయి కాడ మొగం కడుక్కోని పో" అన్నాడు. తిప్పిన వెంటనే నీళ్లొచ్చాయి. ఆ కొళాయి రోజూ వచ్చేది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు వారం పట్టింది, పౌరుషం అడ్డొచ్చి.

రెండో విడత రోజు నాయన నెట్ సెంటర్ లోపలికి రాలేదు. "నేను ముట్టను పాపా, నువ్వే పెట్టుకో" అని బయట ఎండలో ఫోను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి, ఓటీపీ అంకెలు కిటికీ లోంచి ఒక్కొక్కటే చెప్పాడు, తప్పు పోతుందేమోనని రెండేసి సార్లు. నేను విశాఖ ఒక్కటే పెట్టాను. రాలేదు. ఆ కోటాలో సీట్లన్నీ మొదటి విడతలోనే నిండిపోయాయి. ఈసారి నేను ఏడవలేదు. నాయన మాత్రం ఆ పూట కంచం ముందు కూర్చుని సంగటి ముద్ద ముట్టలేదు. ఎన్ని వేల మైళ్లు బండి తోలినా ఒక్క గీత పడనివ్వని మనిషి, కూతురి విషయంలో తప్పు తోవ పట్టానే అని కుమిలిపోయాడు. "పోనీలే నాయనా, స్టెప్నీతో కూడా బండి పోతాది గదా" అన్నాను.

"స్టెప్నీతో యాడికి పోతాం మ్మే? ముందరొచ్చే పంచరు షాపు దాకనే."

"అందాకా పోదాం పా. ఆపైన చూస్తాం."

ఆయన ముద్ద తుంచాడు. నేనూ తిన్నాను. అందాకా అందాకా అనుకుంటూనే నాలుగేళ్లు ఆ బస్సులో తిరిగాను. చదువు బాగా చెప్పిన సారూ ఉన్నాడు, చెప్పని సారూ ఉన్నాడు, అన్నిచోట్లా ఉన్నట్టే. ఇప్పుడు కడపలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పంచరు షాపు ఇంతవరకూ రాలేదు.

పోయిన వేసవిలో అమ్మా నాయనలను విశాఖపట్నం తీసుకుపోయాను. సముద్రాన్ని మొదటిసారి ముగ్గురం కలిసే చూశాం. నాయన చాలాసేపు చూసి, ఒక దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మేసి, "ఇన్ని నీళ్లుండి ఏం లాభం పాపా, ఒక ఎకరా కూడా పారదు" అన్నాడు. మూతి తుడుచుకుని, "ఆ కాలేజీ యాడుండాది?" అని అడిగాడు. ఆటో చేసుకుని పోయి గేటు ముందు నిలబడ్డాం. లోపల పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద పుస్తకాలతో ఆడపిల్లలు. నాయన చూపు వాళ్ల మీదే ఉంది. "ఈడుండాల్సిందానివి" అన్నాడు మెల్లగా. పన్నెండేళ్లుగా ఆ మాట లోపలే మోస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఆయన చేయి పట్టుకున్నాను.

ఇంతలో వాచ్‌మన్ వచ్చి, "ఎవరు కావాలండీ?" అని మర్యాదగా అడిగాడు. ఆ ప్రశ్న కోసం ఒక పిల్ల అద్దం ముందు నిలబడి ఎన్ని జవాబులు సిద్ధం చేసుకుందో! అన్నీ అండీలతోనే. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఎవురూ వద్దప్పా. మా నాయనకు చూపిచ్చి పోదామని వస్తిమి, అంతే" అన్నాను.

నాయన నవ్వాడు. తిరిగి ఆటో ఎక్కే ముందు, అలవాటు పోక, వెనక్కి పోయి దాని స్టెప్నీ ఎక్కడుందో వంగి చూశాడు.