కిటికీ అవతలి చెట్లు

మా చెల్లెలి కొడుకు, లేని ఇళ్ళకు బొమ్మలు వేస్తాడు. లేని ఇళ్ళంటే ఇంకా కట్టని ఇళ్ళు. పునాది గుంటలో నీళ్ళు నిలిచి దోమలు ముసురుతుండగానే వీడు కంప్యూటర్‌లో హాలూ పడకగదీ వంటగదీ తయారుచేసి పెడతాడు. కొనేవాళ్ళు ఆ బొమ్మలు చూసి కొంటారు. దాన్ని రెండరింగ్ అంటారట. నాకు నోరు తిరక్క కాదు, ఆ మాట నచ్చక బొమ్మలనే అంటాను.

వాడికి నలభై దగ్గరపడుతున్నా ఇంట్లో ఇంకా బుజ్జే. ఆఫీసులో మాత్రం గాజాయన. బొమ్మల్లో కిటికీ అద్దాలు వేయడంలో వాణ్ణి కొట్టేవాడు లేడని ఆ పేరు పెట్టారు. ఒకసారి నన్ను కూర్చోబెట్టి చూపించాడు. ఊరికే వేస్తే అది అద్దంలా ఉండదు, గోడకు కన్నం పెట్టినట్టుంటుంది. అందుకని దానికి మందం ఇస్తాడు. అంచున సన్నగా ఆకుపచ్చ రంగు తేలుస్తాడు. ఒక మూల కాస్త దుమ్ము, చెయ్యి ఆనేచోట ఒక వేలిమరక. గదిలో దీపం వెలుగు అందులో లీలగా పడేటట్టు చేస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, అద్దానికి అవతల ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే అద్దం నల్లగా చచ్చిపోతుందట. అవతల నిజంగా ఏముందో అదే పెట్టొచ్చు కదరా అన్నాను. అలా పెట్టేవాడికి ఎవరూ జీతం ఇవ్వరు పెద్దమ్మా అని నవ్వాడు.

గదిలో మనుషులు మసలుతున్నట్టు కూడా ఉండాలట. మనుషుల్ని పెట్టరు, ఇప్పుడే లేచి పక్కకు వెళ్ళినట్టు పెడతారు. అందుకు ఇంట్లో నేను పడుకునే మూల వాడికి బాగా పనికొచ్చింది. నలిగిన దుప్పటి, ఒకటి ఇటు ఒకటి అటు పడున్న చెప్పులు, అడుగున టీ మిగిలిన కప్పు, పేపరు మీద బోర్లించిన కళ్ళజోడు. అన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకుపోయాడు. కొన్నాళ్ళకు మా వీధి మలుపులో పెద్ద బోర్డు మీద నా చెప్పులు వెలిశాయి, పాలరాతి నేల మీద. అలాంటి గుమ్మంలోకి నన్ను అడుగు పెట్టనిస్తారో లేదో గానీ నా చెప్పులకు మాత్రం రాత బాగుంది.

అప్పుడు మేం ముగ్గురం రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను, మా చెల్లెలు, వీడు. ఇల్లు చెల్లెలిదే. మొగుడు పోయాక కుట్టుమిషన్ తొక్కి వీణ్ణి చదివించింది, ఆ మిషన్ మీదే ఆ ఇల్లు కూడా నిలబెట్టుకుంది. ఇల్లంటే ఇల్లు. కిటికీ అన్నది లేదు, తలుపు పైన రెండు జానల సందు. పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకుని సూదిలో దారం ఎక్కించుకునేది. దానికి చీకటంటే ఒళ్ళుమంట. కాపురానికి వెళ్ళిన రోజు కూడా మొగుణ్ణి చూడలేదు, వాళ్ళింటి కిటికీలు లెక్కపెట్టుకుంది అని నేను ఏడిపించేదాన్ని. అవి కూడా ఎక్కువేం లేవులే అక్కా అనేది.

అలాంటి మనిషికి జబ్బు చేసింది. రక్తంలో జబ్బు. డాక్టరు బుజ్జిని పక్కకు పిలిచి ఈ ఏడాది దాటడం కష్టమన్నాడు. వాడు నాకు చెప్పాడు. మేం దానికి చెప్పలేదు, దానికి తెలుసు.

అదే సమయంలో వాడి కంపెనీ కొత్తగా కట్టబోయే ఫ్లాట్లకు బొమ్మలు వేస్తున్నాడు. మంచం పక్కన కూర్చుని వేసుకునేవాడు. అది పడుకునే చూసేది. అందులో ఒక పడకగది బొమ్మ ఉంది. గోడంత కిటికీ, మంచం మీద సగం లాగిన దుప్పటి, కిటికీ అవతల చెట్లు. ఆకుల మధ్య నుంచి ఎండ వచ్చి నేల మీద మచ్చలు మచ్చలుగా పడుతోంది. మా చెల్లెలు ఆ బొమ్మ మీద నుంచి చూపు తిప్పుకోలేదు. ఇది ఎన్నో అంతస్తు అని అడిగింది. రెండో అంతస్తు, మూల ఫ్లాటు అని చెప్పాడు. వారం తిరక్కుండా ఇల్లు అమ్మేద్దాం, ఆ గది కొందాం అని కూర్చుంది.

ఆ మూల ఫ్లాటుకు అవతల చెట్లు లేవు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పక్కవాళ్ళ గిడ్డంగి గోడ, నాలుగంతస్తుల ఎత్తు. వాడు స్థలం చూసి వచ్చాడు, ఫోటోలు కూడా తీసుకొచ్చాడు. గోడను తీసేసి చెట్లు పెట్టింది వాడే. ఇదంతా వాడికి తెలుసు. నాకు తెలియదు, దానికి తెలియదు.

రోడ్డు వైపు ఫ్లాటు తీసుకుందామమ్మా, గాలి బాగా వస్తుంది అని రెండు మూడుసార్లు అన్నాడు. నాకు గాలి ఎందుకురా, ఆ చెట్లు కావాలి అంది. గోడ సంగతి చెప్పేయొచ్చు కదా అని మీరు అనొచ్చు. నేనూ తర్వాత అదే అడిగాను. ఇల్లు పూర్తవడానికి రెండేళ్ళు పడుతుంది పెద్దమ్మా, అమ్మకు ఏడాది కూడా లేదన్నారు కదా, ఉన్నన్నాళ్ళూ ఆ చెట్లు చూసుకుంటుందిలే అనుకున్నాను అన్నాడు. బొమ్మను పెద్దది చేయించి దాని తల దగ్గర అతికించాడు కూడా.

ఇల్లు అమ్మారు. అద్దె గదిలోకి మారాం. చెల్లెలు మాత్రం ఆ బొమ్మలో కాపురం పెట్టేసింది. మంచం ఇటు జరపాలి, మిషన్ కిటికీ కింద వేయాలి, అక్కయ్య గురకపెడుతుంది కాబట్టి అవతలి గదిలో పడేయాలి. నా గురకకు అంత పెద్ద ఇల్లు సరిపోదేమో చూసుకోవే అనేదాన్ని. వాడు వింటూ తల వంచుకుని మౌస్ కదుపుతూ ఉండేవాడు.

ఏడాది గడిచింది. అది పోలేదు. కొత్త మందు ఏదో పట్టింది. జుట్టు ఊడింది, ఒళ్ళు నల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి, కానీ రక్తం బాగుపడుతోందన్నారు. ఇలా మందు వేసుకుంటూ ఉంటే ఇంకా చాలా ఏళ్ళు ఉంటుందని డాక్టరు చెప్పిన రోజున వాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడు పిచ్చివెధవ అనుకుని వీపు నిమిరాను.

ఇల్లు పూర్తయ్యాక సాకులు మొదలుపెట్టాడు. రంగుల వాసన పోవాలన్నాడు. లిఫ్టు సరిగ్గా లేదన్నాడు. నీళ్ళు రావడం లేదన్నాడు. చివరకు మా చెల్లెలు బట్టలు మూటకట్టుకుని గుమ్మంలో కూర్చుంది, నువ్వు తీసుకెళ్తావా, ఆటో పిలుచుకుని నేనే పోనా అని. వెళ్ళడానికి ముందు రోజు వాడు నా దగ్గరకొచ్చి అంతా చెప్పాడు. వెళ్ళి మీ అమ్మకు చెప్పరా అన్నాను. వెళ్ళాడు, మందు వేశాడు, నీళ్ళిచ్చాడు, వచ్చేశాడు.

మర్నాడు లిఫ్టులోంచి దిగి గోడ పట్టుకుని తనే నడిచింది. హాలు చూడలేదు, వంటగది చూడలేదు. నేరుగా ఆ గదిలోకి వెళ్ళి కిటికీ ముందు నిలబడింది. అవతల సిమెంటు గోడ. పైనుంచి కింద దాకా ఒక నీటిచార. మేం ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం.

వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి చెప్పలేదే?"

అది వేళ్ళతో అద్దం మీద నెమ్మదిగా రుద్దింది, మరక తుడిచినట్టు.

"ఓహో. అప్పటిదాకా ఉండననుకున్నావు."

అంతే. పక్క వేయమంది. వేశాను.

ఆ గదిలో పగలు కూడా లైటు వేయాల్సిందే. లైటు వేస్తే ఆ అద్దంలో గోడ కూడా కనిపించదు, గదే కనిపిస్తుంది. వెలుతురు ఎటు ఎక్కువుంటే అద్దం అటే చూపిస్తుందట, వాడే చెప్పాడు. మంచం, మందుల సీసాలు, మధ్యలో మా చెల్లెలు. మందులు మొదలైనప్పటి నుంచి మొహం చూసుకోవడం మానేసిన మనిషి. ఇప్పుడు కళ్ళు తెరిస్తే తన బోడిగుండే కనిపిస్తుంది. వాడు పరదా తెచ్చి వేశాడు. తీసేయమంది. ఇల్లమ్మి కొన్న కిటికీ, మూసుకోడానికా అంది. అవతలి గోడకు చెట్ల బొమ్మ పెద్దది అతికిస్తానని అడిగాడు. ఇంకో బొమ్మా అంది. వాడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ మధ్య ఆఫీసులో ఒక పడకగది కిటికీకి ఉన్నదున్నట్టు గోడ పెట్టాడట. పై ఆఫీసరు పిలిచి మతి పోయిందా అని కసిరితే మళ్ళీ చెట్లు పెట్టి ఇచ్చాడు. ఉద్యోగం పోతే అంత ఖరీదు మందు ఎవరు కొనిస్తారు? మందు లేకపోతే అది ఉండదు. అందుకని చెట్లు పెడుతూనే ఉన్నాడు. ఎవరో కొంటూనే ఉన్నారు.

సాయంత్రం వాడు తలుపు తీయగానే మా చెల్లెలు మంచం మీద నుంచి ఒకే మాట అంటుంది.

"ఇంకా ఉన్నానురా."

రోజూ అదే. కొడుకుని కూర్చోబెట్టి కోస్తున్నావే, కొట్టినా బాగుండేది అని నేను తిట్టాను. నేనేం అబద్ధం చెప్పలేదుగా అక్కా అంది. వాడు మొదట్లో ఆ మాటకు మెడ ముడుచుకునేవాడు. వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు నిలబడేవాడు.

నిన్న వాడొచ్చేసరికి అది కునుకు తీస్తోంది. వాడు తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాడు. సంచి భుజాన, చెప్పులు కాళ్ళకే. లోపలికి రారా అన్నాను. రాలేదు. నిద్రపోతోందిరా, ఏం కాలేదు అన్నాను. వింటే కదా. ఆ గది వైపే చూస్తూ నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు మెట్లెక్కుతూ వాణ్ణి తప్పుకుని పోయారు. చాలాసేపటికి మంచం కిర్రుమంది, దగ్గు వినిపించింది, ఆ తర్వాత దాని గొంతు.

"ఇంకా ఉన్నానురా."

"సరే అమ్మా" అని వంగి చెప్పులు విప్పుకున్నాడు.