మార్ట్‌ల ఇరిచిన బెండకాయ

పోయిన ఎండకాలం పెద్దపల్లిల మా బిడ్డ ఇంటికి పోయిన. వాళ్ల ఇంటి దగ్గర కొత్త దుకాణం పడ్డది. బోర్డు మీద ఏం రాసిండ్రని అడిగితే, తొమ్మిది చదివే మనుమరాలు "మార్ట్, అమ్మమ్మా. ఇంగ్లీషుల అంగడినే అట్లంటరు" అన్నది. అంగడే గదా అని దాన్ని తోలుకొని పోయిన.

లోపట బెండకాయలు కుప్ప పోసి ఉన్నయి. నేను ఎప్పటి తీర్గనే ఒక్కోదాని కొస ఇరిచి చూసి, లేతయి బుట్టల ఏసుకుంట, ముదిరినయి పక్కకు పెడుతున్న. గేటు కాడి వాచ్‌మన్ ఉరికొచ్చి నా చెయ్యి గట్టిగ పట్టిండు.

"ఏయ్ ముసల్దానా, సామాను ఖరాబ్ చేస్తవా?"

అందరు మా దిక్కే చూసిండ్రు. మనుమరాలు సిగ్గుతోని తల దించుకున్నది. నాకు అరికాలు మంట నెత్తికెక్కింది.

"ముందుగాల చెయ్యి ఇడువు! మీ అవ్వ కొస ఇరువకుంటనే బెండకాయలు కొంటదా?"

"ఇది అంగడి కాదు, మార్ట్!"

"మార్టంటే అంగడే అని నా మనుమరాలు చెప్పింది. అంగడైతే ఎంచుకోనియ్యి. కాకపోతే గా బోర్డు దించు!"

వాడు చెయ్యి ఇడిచిండు గని తప్పైందని అనలే. బుట్ట ఆడనే పెట్టి ఎల్లొచ్చినం.

ఇప్పటికీ యాదికొస్తే పండ్లు కొరుకుత. పేరు ఇంగ్లీషుల పెట్టుకుంటే నాకేం బాధ లేదు. మా జమ్మికుంట అంగడిల కూరగాయలామె గూడ "అన్ని ఇరుస్తున్నవేందక్కా, నీ చేతులిరుగ!" అని తిడ్తది. నేనూ తిడ్త. కని ఎంత తిట్టినా ఆమె నన్ను అక్కా అనే తిడ్తది.

— లచ్చవ్వ, జమ్మికుంట