రెండు బీడీల సేపు

9-12-1977, శుక్రవారం. గానుగ దగ్గర ఉన్నవాళ్లు: మామ, అత్త, పాకం తాత, మామ కూతురు, పొయ్యి దగ్గర ఇద్దరు మనుషులు, నేను. ఇంకా కాలేజీ ధర్మామీటరు ఒకటి (సంతకం పెట్టి తెచ్చినది).

నా డైరీలో ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది. ఆ రోజుల్లో నేను ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరెవరు ఉన్నారో రాసుకునేవాణ్ని, తర్వాత ఏది ఎంత ఉందో కొలుచుకునేవాణ్ని. కెమిస్ట్రీలో డిగ్రీ తెచ్చుకుని, తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబులో పిల్లలకు బ్యూరెట్టు పట్టుకోవడం నేర్పే ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. కొలతకు అందనిదాన్ని నమ్మకూడదని, ప్రతి కొలతకూ ఒక స్థిరమైన ప్రమాణం ఉండి తీరాలని క్లాసులో చెప్పీ చెప్పీ, చివరికి నేనే నమ్మేశాను. సెలవు దొరికితే చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దోవలో ఉన్న మేనమామ ఊరికి పోయేవాణ్ని. అక్కడ ఒక్క కొలతా నిలకడగా ఉండేది కాదు. అత్తను గింజలు కొలిచే పడి అంటే ఎంత అని అడిగితే, "ఇచ్చేదానికా, తీసుకునేదానికా?" అంది. (ఇచ్చే పడి తలగొట్టి కొలుస్తారు, తీసుకునే పడికి గోపురం ఉంటుంది. రెండూ విడివిడిగా రాసుకున్నాను.) కూతవేటు దూరం తేల్చడానికి మామను చెరుకుతోట ఆ చివర నిలబెట్టి కేక వేయించాను. పక్క పొలాల నుంచి నలుగురు కర్రలతో పరిగెత్తుకొచ్చారు, పాము కరిచిందేమోనని. ఆ ప్రయోగం అంతటితో ఆగింది.

మామకు చెరుకుతోటతో పాటు ఒక గానుగ ఉండేది. ఏటా డిసెంబరులో బెల్లానికి రసం కాచే మొదటి పెనం ఎక్కించడం ఆ ఇంట్లో పండుగకంటే పెద్ద సంగతి. మొదటి పెనం బెల్లం ఊళ్లో ప్రతి గడపకూ ఒక ముక్క వెళ్లాలి, అదీ మర్నాడు పొద్దున్నే. ఒకసారి పెనం దించిన తొలి బెల్లాన్ని మళ్లీ పొయ్యెక్కించకూడదని ఒక పట్టు. ఆ ముక్క నోట్లో వేసుకున్నాకే, ఊళ్లోవాళ్లు ఆ ఏడాది తమ చెరుకు మామ గానుగకు తోలాలా, పక్కూరి గానుగకు తోలాలా అని తేల్చుకునేవాళ్లు. అంటే మామకు గానుగ ఆడే నాలుగు నెలల పని మొత్తం ఒక్క పెనం మీద ఆధారపడి ఉండేది. ఆ పెనం పాకం తాత మీద ఆధారపడి ఉండేది. ఆయన ముప్పై ఏళ్లుగా అక్కడ పాకం పడుతున్నాడు. చెవి సందున ఎప్పుడూ సగం కాలిన బీడీ ఒకటి ఉండేది.

ముందురోజు గురువారం మధ్యాహ్నం, తిన్నె మీద కూర్చుని తాతను అడిగాను: "పెనం ఎప్పుడు దించాలని నీకు ఎట్లా తెలుస్తుంది తాతా?"

"నురుగు తెల్లంగా లేస్తాది సామీ, ఆనిక పచ్చంగా తిరుగుతాది, ఆనిక ఎర్రబడతాది. ఎర్రబడినాంక రెండు బీడీల సేపు."

రెండు బీడీల సేపు! నాకు దొరికిన గని అది. తాతను అక్కడే కూర్చోబెట్టి ఐదు బీడీలు తాగించాను. చేతి గడియారం చూసి ఒక్కొక్కటి ఎంతసేపు కాలిందో రాసుకున్నాను. సగటు తీస్తే బీడీకి నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. "ఇంత మర్యాద నాకు మా అల్లుడు గూడా చెయ్యలేదు సామీ," అంటూ తాత ఐదో బీడీ ఆఖరు దమ్ము లాగాడు. మామ కూతురు వాకిట్లో ముగ్గుపిండి జల్లిస్తూ, "బావా, మా నాయనకు కోపమొచ్చినప్పుడు ఆ గాజుపుల్ల ఆయన చంకలో పెట్టి సూడు, ఎన్ని డిగ్రీలుంటాదో," అంది. అప్పటికి ఆమె నా ప్రయోగాలను సీరియస్‌గా తీసుకోవడం లేదని నాకు అనుమానం ఉండేది. (ఇప్పుడు అనుమానం లేదు.)

శుక్రవారం పొద్దున గానుగ తిరిగింది. మంచు ఇంకా విడవలేదు. రసం పెనంలోకి పడుతుంటే దాని మీదికి చలిపొగ దిగి, కాసేపటికి పెనం నుంచే ఆవిరి లేచి, ఏది మంచో ఏది ఆవిరో తెలియకుండా పోయింది. కాగే రసం వాసన ఆ తోటంతా పరుచుకుంది. మనుషులు కూడా ఆ తెల్లదనంలోంచి సగం సగం కనబడేవాళ్లు: మామ భుజాలు, అత్త చేతిలో రసం మడ్డి తేలడానికి పోసే సున్నపునీళ్ల చెంబు, ఒక గాజుల చెయ్యి. నాకెందుకో అప్పుడు నోరు మూసుకోవాలనిపించలేదు. ప్రపంచంలోని పదార్థమంతా ఘనం, ద్రవం, వాయువు అని మూడే జాతులని, ఇక్కడ మన కళ్లముందే మూడూ ఉన్నాయని, ఈ రసం శుద్ధ పదార్థం కాదు, మిశ్రమమని చెప్పాను.

తాత రసం కలియబెడుతున్న తేరకట్టె ఆపేశాడు. "మిశ్రమమంటే?"

"నాలుగు రకాలు కలిసింది తాతా. నీళ్లు, చక్కెర, పిప్పి, మట్టి."

"అంటే కల్తీ అంటాండావు."

"కల్తీ కాదు, మిశ్రమం."

"సూడప్పా," అని తాత మామ వైపు తిరిగాడు, "ముప్పై ఏండ్లు ఈడ పనిజేసినాను. మన రసాన్ని ఒకడూ కల్తీ అన్న పాపాన పోలేదు. నీ మేనల్లుడు తిరప్తి నుంచి బస్సెక్కి వొచ్చి అంటాండాడు."

మామ నవ్వలేదు. మొదటి పెనం మీద ఉన్నప్పుడు ఆయన దేనికీ నవ్వేవాడు కాదు. ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే రోడ్డు మీంచి సైకిలు గంట వినిపించింది. తాత బంధువు ఒకతను చెమటలు కక్కుతూ వచ్చాడు. తాత కూతురికి నొప్పులొచ్చాయట, చిత్తూరు ఆస్పత్రికి తీసుకెళ్లారట, నాయన కావాలని ఏడుస్తోందట. తాత పెనం వైపు చూశాడు, మామ వైపు చూశాడు. నురుగు ఇంకా పచ్చగానే ఉంది.

"పోయిరా తాతా," అన్నాడు మామ. "బిడ్డకంటే పెనమెక్కువా?" మాట గట్టిగానే వచ్చింది కానీ ముఖంలో రక్తం లేదు. మామకు చెరుకు పెంచడం తెలుసు, పాకం పట్టడం తెలియదు.

"నేను చూసుకుంటాను మామా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మామ నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశాడు. "అబ్బోడా, ఇది ఊరంతా తినే బెల్లం. తెలుసు గదా?" అన్నాడు. తెలుసన్నాను. తాత సైకిలు వెనక కూర్చుంటూ, "ఎర్రబడినాంక రెండు బీడీలు సామీ, మర్చిపోవద్దు," అని అరిచాడు. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు ఇంటూ రెండు, ఎనిమిది నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. మర్చిపోవడానికి వీల్లేకుండా డైరీలో గీత కొట్టి ఉంది.

ధర్మామీటరును దారంతో కట్టెకు కట్టి పెనంలోకి దించాను. నూరు దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత నూటమూడు, నూటఐదు, నూటఎనిమిది. బెల్లం పాకం నూటపద్దెనిమిది దాకా పోవాలని పుస్తకంలో చదివాను. ధర్మామీటరు మాత్రం నూటపది దగ్గరే అయిపోతుంది. ఈ సంగతి తిరుపతిలో బయలుదేరే ముందే చూసుకోవచ్చు, చూసుకోలేదు. నూటతొమ్మిది దగ్గర, గాజు పగిలి పాదరసం బెల్లంలో పడుతుందన్న భయంతో పైకి లాగేశాను. మిగతా తొమ్మిది డిగ్రీలూ ఇక బీడీలే కొలవాలి. నురుగు ఎర్రబడింది. గడియారం చూశాను.

ఎనిమిది నిమిషాలు గడిచాక ఆవిరిలోంచి మామ కూతురి గొంతు వినిపించింది. "బావా, తాత ఇప్పుడు రోంత పాకం తీసి, చన్నీళ్లలో ఉండ జేసి, పళ్లేనికేసి కొడతాడు. టంగుమంటాది. నువ్వూ ఒకతూరి కొట్టి సూడగూడదా?"

"శబ్దానికి యూనిట్ లేదు," అన్నాను. (ఉందని వెంటనే గుర్తొచ్చింది, కానీ అప్పటికే అనేశాను.) ఎనిమిది ఇరవై నాలుగు. "దించండి!"

దించారు. అచ్చుల్లో పోశారు. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఏమనుకున్నాడో, నా భుజం తట్టాడు. ఆ రోజు డైరీలో చివరి వాక్యం: "ప్రయోగం ఫలించినట్టే."

మర్నాడు, శనివారం పొద్దున, అచ్చు బోర్లించారు. ఏమీ పడలేదు. మామ అడుగు మీద తట్టాడు. కాసేపటికి తేనెరంగు ముద్ద ఒకటి బద్ధకంగా జారి, పీట మీద కూర్చుని, మెల్లగా నడుము వాల్చి పడుకుంది. రెండో అచ్చూ అంతే. మామ కూతురు వేలితో ముద్దను నొక్కింది. గుంట పడి, మళ్లీ నిండింది.

"బావా, నిన్న మూడు జాతులన్నావే. ఇది యే జాతి?"

నేను మామ ముఖం చూడలేకపోయాను. ఆయన ఆ ముద్దనే చూస్తూ, "మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు," అని మాత్రం అన్నాడు. అత్తే కదిలింది. సత్తు గిన్నె నిండా ఎత్తి, గరిటె నా చేతిలో పెట్టి, "చేసినోడే పంచల్ల. పా," అంది. ఆ ఏడు మా మామ ఇంటి తొలి బెల్లం గడపగడపకూ గరిటెతో వెళ్లింది. నేను తల వంచుకుని వడ్డించాను. ప్రతి ఇంట్లోనూ పొద్దుటి పెనం మీద దోసెలు ఉండడం నా అదృష్టం. ఒక ముసలమ్మ దోసెముక్క ముంచి తిని, కళ్లు మూసుకుని, "ఇంగ రోంత పొయ్ నాయినా," అంది. ఊరంతా తిరిగి వచ్చేసరికి గిన్నె అడుగు కనబడింది.

గానుగ దగ్గర ఊరి రైతులు నలుగురు మామతో మాట్లాడుతున్నారు. వాళ్లలో పెద్దాయన నన్ను చూసి మాట ఆపి, మళ్లీ మామతో అన్నాడు: "చెరుకు నీ కాడికే తోల్తాము లేప్పా. ఒకటే మాట. ఆ గాజుపుల్ల అబ్బోడు పెనం కాడికి రాగూడదు." మామ నిన్నటి నుంచి మొదటిసారి నవ్వాడు. నేనూ నవ్వబోయి, కళ్లలో నీళ్లొస్తే ఆవిరి అనుకోవాలని, తాత వస్తాడని మామ అప్పటికే ఎక్కించిన రెండో పెనం పక్కకు జరిగాను.

అప్పుడే తాత మొదటి బస్సు దిగి వచ్చాడు. మనవడు పుట్టాడు. సంగతి విని, గిన్నె అడుగున వేలు పెట్టి నాకి, "బీడీ యాడ కొల్సినావు సామీ?" అని అడిగాడు.

"తిన్నె మీద. నువ్వే తాగినావు కదా."

తాత నవ్వలేక దగ్గాడు. "అది తిన్నె మీద బీడీ! పెనం కాడ బీడీ వేరే. ఆవిరి తగిలి మూడుతూర్లు ఆరిపోతాది. మూడుతూర్లు నిప్పు దెచ్చి ముట్టించుకోవల్ల." అని, రెండో పెనం నురుగు ఎర్రబడగానే బీడీ ముట్టించి నా వేళ్ల మధ్య పెట్టాడు. "అతన్ని రానీండప్పా. తాగొద్దు సామీ, పట్టుకో. పట్టుకుని సూడు."

రైతులందరి ముందు, మామ ముందు, ఒక చేతిలో బీడీ, ఒక చేతికి గడియారంతో ఆవిరిలో నిలబడ్డాను. తాత చెప్పినట్టే ఆరిపోయింది. వెంటనే రాసుకున్నాను. మామ కూతురు పొయ్యిలోంచి నిప్పు ఒకటి పట్టకారుతో తెచ్చి, ఆ తెల్లదనంలో నా ఎదురుగా పట్టుకుంది. నిప్పు వెలుగు ఆమె గడ్డం కింద ఎర్రగా పడింది. బీడీ ఎన్నోసారి ఆరిందో, ఎన్నోసారి అంటుకుందో, తాత ఎప్పుడు పళ్లెం మీద టంగుమని కొట్టాడో, నాకు తెలియదు.

డైరీలో ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. "మొదటిసారి ఆరినది: 2 నిమిషాల 10 సెకన్లు. రెండోసారి:" అని ఉంది. ఆ తర్వాత ఖాళీ. నలభై ఏళ్లకు పైగా డైరీలు రాశాను కానీ నేను పూర్తి చేయని గడి అదొక్కటే. అంత నిక్కచ్చి మనిషివి, అది ఎందుకు వదిలేశావు బావా అని వంటింట్లోంచి అడుగుతూనే ఉంటుంది. ఎందుకో ఆమెకు తెలుసు.